మిద్దె మీద బొగ్గు గీత

నా చిన్నప్పుడు, చిత్తూరులో మా ఇంటికి టీవీ వచ్చాక, మా నాయన ఇంట్లో కంటే మిద్దె మీదే ఎక్కువగా కాపురం ఉన్నాడు. మద్రాసు నుంచి వచ్చే బొమ్మను పట్టాలంటే పొడవాటి ఇనప గొట్టానికి యాంటెన్నా బిగించి అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఆయన పైన తిప్పేవాడు, మా అమ్మ టీవీ ముందు కూర్చుని చెప్పేది, నేను మెట్ల మధ్యన నిలబడి ఆమె మాట ఆయనకూ, ఆయన కసురు ఆమెకూ చేరవేసేదాన్ని. బొమ్మ బాగా పడినా ఆయన దిగేవాడు కాదు. ఇంత బాగా పడిందంటే ఇంకా బాగా పడుతుందని ఆయన వాదన. బాగున్న వస్తువు కనిపిస్తే ఆ చేతులు ఊరుకోవు. అప్పటికే మా ఇంట్లో ఒక గడియారమూ ఒక రేడియోవూ ఆయన చేతుల్లో కన్నుమూశాయి.

ఒక ఆదివారం సాయంత్రం మద్రాసు టీవీలో పాత తమిళ సినిమా వేస్తారని తెలిసింది. పొద్దున్నే మా అవ్వ, అంటే మా నాయన తల్లి, తలకు పోసుకుని పండగ చీర కట్టుకుంది. ఆ సినిమాలో కొంత ముక్క మా ఊరి మామిడి మండీలో తీశారు. ఆ జనంలో మా తాత ఉన్నాడు. ఫోటో తీయించుకుంటే ఆయుస్సు తగ్గుతుందని జీవితమంతా కెమెరాకు దూరంగా తిరిగిన మనిషి, ఆ రోజు మాత్రం అదేదో రోడ్డు కొలిచే యంత్రమనుకుని దాని ముందరే నిలబడ్డాడట. నేను పుట్టకముందే ఆయన పోయాడు. ఆయన రూపం ఈ లోకంలో మిగిలింది ఆ సినిమాలోనే.

అలాంటి రోజు ఎవరైనా యాంటెన్నా జోలికి పోతారా? మా నాయన పోయాడు. తన తండ్రి ముఖం అద్దంలో కనిపించినంత స్పష్టంగా కనిపించాలని ఆయన ఆశ. ముందుజాగ్రత్త కూడా తీసుకున్నాడు పాపం. పొద్దున యాంటెన్నా నీడ మిద్దె మీద ఎక్కడ పడుతోందో చూసి, దాని వెంబడే బొగ్గుతో గీత గీశాడు. బొమ్మ చెడితే నీడను మళ్ళీ గీత మీదికి తెచ్చుకుంటే సరి అని మాకు వివరించాడు. ఆ తెలివికి మేమంతా మురిసిపోయాం.

ఆ రోజంతా తిప్పాడు. తిప్పేకొద్దీ బొమ్మ చెడిందే తప్ప బాగుపడలేదు. సినిమా వేళకు పక్కింటి అక్క పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి చాప మీద కూర్చుంది. నాయన ఇక ప్రయోగాలు చాలించి, నీడను సరిగ్గా గీత మీదికి తెచ్చాడు. టీవీలో మాత్రం ఉప్పు చల్లినట్టు చుక్కలు తప్ప మరేమీ లేదు. కింద సినిమా మొదలైపోయింది, మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు లేరు. అవ్వ లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ మిద్దె ఎక్కింది.

"గీత మీదనే ఉండాది గదమ్మా!" అన్నాడు నాయన, ఏడుపు గొంతుతో.

అవ్వ గీతను చూసింది, పడమట దిగుతున్న పొద్దును చూసింది, తన కొడుకును చూసింది.

"పొద్దు ఉండిన తావునే ఉండాదేమిరా? కదిలేదాన్ని గుర్తు పెట్టుకుంటే ఎట్ల? తిప్పు, వద్దనలే. నిలిచుండేదాన్ని సూసి పెట్టుకోని తిప్పు."

బొమ్మ బాగా పడే రోజుల్లో మిద్దె మీద వడియాలకు కాపలా కూర్చున్నప్పుడు, యాంటెన్నా మూతి పక్కింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకు మూలకు ఉండడం ఆమె చూసి పెట్టుకుందట. కొడుకు చేతుల సంగతి కన్నతల్లికి తెలియదా? నాయన మూతిని ట్యాంకు మూలకు తిప్పాడు. "పడింది, పడింది!" అని కింద అందరూ అరిచారు.

అవ్వా నాయనా కిందికి దిగి వచ్చి కూర్చున్నాక మండీ ముక్క రానే వచ్చింది. అందరూ హీరోయిన్‌ను చూస్తుంటే అవ్వ తెర మూలకు చూసింది. తలపాగా, మామిడికాయల బుట్ట, మసక ముఖం. అవ్వ గబుక్కున లేచి నిలబడి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. తాత ఇంట్లోకి వస్తే అలాగే లేచేదట. "వచ్చినాడు," అంది. అనేలోపే ఆయన పోయాడు. "ఇంగొకసారి తిప్పురా," అని కొడుకును అడిగింది. యాంటెన్నా తిప్పితే పోయిన బొమ్మ మళ్ళీ వస్తుందని ఆమె నమ్మకం. మా నాయన కళ్ళు తుడుచుకున్నాడు.

మొన్న నా మనవడు ఆ సినిమాను ఫోన్‌లో వెతికి పట్టాడు. ఇప్పుడు ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పవచ్చు, ఆపి చూడవచ్చు. వాడివి అచ్చం మా నాయన చేతులు. మసకగా ఉంది, బాగు చేస్తానని ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేశాడు. తాత ముఖం తళతళలాడుతూ వచ్చింది. తలపాగా పోయి ఒత్తుగా క్రాపు వచ్చింది, నున్నటి బుగ్గలు వచ్చాయి, ఎవరో పెళ్ళికొడుకు నవ్వుతున్నాడు. మా ఇంటి మనిషి మాత్రం అందులో లేడు.

"పాతది ఉంచినావా?" అని అడిగాను. ఉంచానన్నాడు. ఈ ఇంట్లో ఎవరైనా దేన్నయినా తిప్పుకోవచ్చు, కానీ ముందు పాతది భద్రం చేయాలని వాడికి మాటలు వచ్చినప్పటి నుంచీ నేను చెవిలో పోరుతున్నాను. అది మా అవ్వ మాటే.

వాడు పాతది తెరిచాడు. తలపాగా, బుట్ట, మసక ముఖం. నేను లేచి నిలబడ్డాను.