ఏటిపల్లె గుంతలో మిగిలిన దిబ్బలు

నాకంటే ముందు పుట్టి, నెల నిండకుండానే పోయిన అన్న ఒకడున్నాడు. వాణ్ని కుందూ ఒడ్డున ఏటిపల్లెలో, అమ్మమ్మ వాళ్ల దొడ్లో పూడ్చిపెట్టారు. మరుసటేడు ఏరు పొంగి ఊరు మునిగితే జనం తలుపులు, దూలాలు పీక్కొని మెరక మీదికి వెళ్లిపోయారు. "అందరం వచ్చేస్తిమి, వాన్నొక్కన్నే ఆడ వదిలిపెట్టి వస్తిమి గదా నాయనా" అని అమ్మ ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఈసారి మంచం పట్టి, వాడు అక్కడే ఉన్నాడో ఏరు తీసుకుపోయిందో చూసి రమ్మని ఒకటే పోరు.

పొద్దున ఏడింటికి నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. కర్నూలు రాజధాని అయ్యాక బస్సులు పెరిగాయని గొప్పలు చెబుతారు గానీ, నాకు దొరికింది టాపు మీద చోటే! సిరివెళ్లకు ఎనిమిదణాలు. అక్కణ్నుంచి పడమరగా నల్లరేగడిలో ఎద్దులబండే గతి. పాటిమన్ను తోలే ఖాసిం రూపాయికి ఒప్పుకున్నాడు. పాడుబడిన ఊళ్ల మన్ను పొలానికి మంచి ఎరువు. ఏటిపల్లెను కూడా రైతులు ఏళ్లుగా తవ్వి బండ్లకెత్తుకుంటున్నారట. మరి దొడ్లో పూడ్చిన మావాడి సంగతి?

మధ్యాహ్నానికి చేరాం. ఊరు లేదు. ఊరంత గుంత ఉంది. గుంతలో అక్కడక్కడా మోకాలెత్తు మట్టిదిబ్బలు, నెత్తిన గడ్డితో సహా నిలబడి ఉన్నాయి. గాలి లేదు, పిట్ట అరుపు లేదు. ఎద్దులు గుంత అంచున ఆగిపోయి, ఎంత అదిలించినా కదల్లేదు. కాలవ పనుల్లో లోతు కొలవడానికి ఇలాంటి దిబ్బలే వదులుతారు. అవే అనుకొని ఒకదాని మీద కూర్చోబోయాను.

"ఓయప్పా! ఆడ కూకోవద్దు!" ఖాసిం కేకేశాడు.

"ఏం? కొలతదిబ్బే గదా!"

"కొలతా లేదు, ఏం లేదు. తవ్వతాంటే పసిబిడ్డ ఎముకలు కనపడితే ఆడికి పార ఆపేస్తాం. మల్లా మన్ను కప్పి సుట్టూ తవ్వుకుంటాం. ఎవురి బిడ్డలో మాకేం తెలుసు."

గభాలున వెనక్కి జరిగాను. ఎటు చూసినా అవే దిబ్బలు. అమ్మమ్మ ఇల్లు ఇదీ అని చెప్పడానికి ఒక్క రాయి కూడా మిగల్లేదు. వీళ్లలో మావాడెవడు? అసలున్నాడా? పిచ్చివాడిలా దిబ్బ దిబ్బకూ తిరిగాను. ఎక్కడ ఆగినా కింద నుంచి ఎవరో నన్నే చూస్తున్నట్టుంది. ఏడ్చేశాను, దాచుకోవడం దేనికి?

ఊరు పోయిందంటే ఇళ్లు పోవడమే అనుకునేవాణ్ని. కదిలి వెళ్లలేనివాళ్లు అక్కడే ఉంటారని నాకు తట్టనే లేదు. మీరూ వెళ్లాలనుకుంటే ఎండాకాలంలోనే వెళ్లండి, రేగడి తడిస్తే బండి దిగబడుతుంది. మన్ను తోలేవాళ్లను వెంటబెట్టుకొని, వాళ్లు చూపిన చోటే అడుగు వేయండి.

ఇంటికి రాగానే అమ్మ "కనపడినాడా?" అంది. అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"ఏది మనోడిదో తెలీలేదమ్మా. ఆడ పసిబిడ్డల దిబ్బలు శానా ఉండాయి. వాటినెవురూ ముట్టుకోరంట."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది: "అట్లయితే ఆడుకునేదానికి వానికి తోడుండారు."