తాళంచెవి పోగొట్టిన 'ఓల్డ్'

మా కాశిబుగ్గ చర్చి హాలు పక్కన ఒక చిన్న పుస్తకాల గది ఉంది. దాని తాళంచెవి నా జేబులోకి రావలసిన సాయంత్రం, నేనే గంట వాయించి మరీ దాన్ని ఇంకొకరి చేతిలో ఎలా పెట్టానో చెబుతాను. మీరు కూర్చుని చదవండి. నేను మాత్రం నిలబడే రాస్తున్నాను. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. జరిగినదానికంతా మూలం అదే.

నేను బైకుల స్పేర్‌పార్ట్స్ షాపులో పనిచేస్తాను. చదువు ఇంటర్‌తో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో నాకు నేనే నేర్చుకున్నాను. టీ తాగొస్తానని షాపులోంచి బయటపడి అక్కడ దూరేవాణ్ని. దొరికిన ఇంగ్లీషు మాటలను వచ్చి కస్టమర్ల మీద ప్రయోగించేవాణ్ని. బ్రేక్ షూ కోసం వచ్చినవాడు నా మాటలకు బెదిరి, బేరమాడకుండానే కొనుక్కుపోయేవాడు. కాలనీలో అందరూ నన్ను 'డిక్షనరీ ప్రభన్న' అనేవారు. అందులో వెటకారం ఉందని మా అమ్మ అనేది. నాకైతే వినిపించలేదు.

ఎవరెవరో ఇచ్చిన పుస్తకాలతో చర్చి పెద్దలు ఆ గది సిద్ధం చేశారు. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. మా పాస్టర్ అయ్యగారు నన్ను పిలిచి, "ఆదివారం సాయంత్రం పిల్లలకు ఇంగ్లీషు పోటీ పెట్టు ప్రభాకర్. అది అయినంక తాళంచెవి సంగతి చూద్దాం" అన్నారు. 'చూద్దాం' అంటే 'నీకే' అని నాకు నేను అనువాదం చేసుకున్నాను. షాపులోంచి పిస్టన్ ఆకారంలో ఉన్న కీచైన్ కూడా ఒకటి తెచ్చి జేబులో వేసుకున్నాను.

పోటీ వ్యతిరేక పదాల మీద. ఆడపిల్లలది ఒక జట్టు, మగపిల్లలది ఒక జట్టు. మొదలుపెట్టే ముందు నేనొక రూలు పెట్టాను. సమోసాల కోసం తెచ్చిన స్టీలు బేసిన్‌లో హాల్లో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ వేయించాను. "ఫోన్ల ఎవడన్న ఏదన్న రాస్తడు. నేను నమ్మ. బుక్కుల ఉంటేనే కరెక్టు" అని మైకులో చెప్పి, అందరికీ ఆదర్శంగా ఉండాలని నా ఫోను కూడా పైన పెట్టాను. ఈ బేసిన్‌ను గుర్తుపెట్టుకోండి.

రెండు జట్లూ సమానంగా వచ్చి చివరి ప్రశ్న మీద నిలబడ్డాయి. నేను అటూ ఇటూ తిరుగుతూ, బల్ల మీది గంటను గెలుకుతూ అడిగాను.

"ఓల్డ్. ఆపోజిట్ చెప్పాలె."

డిగ్రీ చదివే రూతు లేచి, "యంగ్" అంది.

నా చేతిలో కాగితం మీద 'న్యూ' అని ఉంది. ఇంకేం, టంగ్‌మని గంట కొట్టాను.

"తప్పు. అవతలి టీం."

"న్యూ" అన్నారు మగపిల్లలు. నేనే ముందు చప్పట్లు కొట్టాను.

రూతు కూర్చోలేదు. "అన్నా, యంగ్ గూడ కరెక్టే గదా."

"ఒక్క ప్రశ్నకు ఒక్కటే జవాబు. ఇదేమన్న మిర్చి బండా, అది లేకుంటే ఇది తీస్కుంట అననీకి?"

అప్పుడు ముందు వరసలోంచి రూతు వాళ్ల నాయనమ్మ మరియమ్మవ్వ చెయ్యెత్తింది. "ఓ ప్రభాకరూ, నా అసొంటోళ్లను ఓల్డ్ అంటరు గదా?"

"అంటరవ్వా."

"నా మనుమరాలు ఓల్డ్ కాదు గదా?"

"కాదవ్వా."

"అయితే న్యూనా? షోరూంలకెల్లి తెచ్చిన్రా దీన్ని?"

హాలు గొల్లుమంది. 'రెండూ కరెక్టే' అని రెండు ముక్కలు అనేసి ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ నా కాళ్లు అప్పటికే గుమ్మం దాటుతున్నాయి.

"బుక్కు తెస్త. బుక్కుల చూపిస్త. ఎవ్వలు లేవకున్రి."

"ఎందుకన్నా, ఫోన్ల చూస్తే ఒక్క నిమిషం పని" అన్నారెవరో.

"ఫోన్ల చూడొద్దని చెప్పింది నేనే గదా" అంటూ బండి కిక్కు కొట్టాను.

గ్రంథాలయంలో లైబ్రేరియన్ యాదగిరి సార్, పెద్ద డిక్షనరీ మీద నా చెయ్యి పడగానే అన్నారు.

"రిఫరెన్స్ బుక్కు బయటికి పోదు."

"ఇప్పుడే తెచ్చిస్త సార్."

"పోదు."

"సార్, నా ఇజ్జత్ పోతాంది."

"ఇజ్జత్ నీది, పోతే పోనీ. బుక్కు సర్కారుది."

"జర దయ చూడున్రి సార్."

"పేజీ ఫోటో తీస్కోరాదు?"

"ఫోను బేసిన్ల ఉంది సార్."

ఆయన బేసిన్ ఎందుకో అడగలేదు. "ఈ బుక్కు పోతే దీనెంబడి నేను గూడ పోవాలె" అని అటెండర్‌కు చెప్పి లేచారు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు డిక్షనరీని గుండెకు హత్తుకుని నా వెనక కూర్చున్నారు. స్పీడు బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ, "మెల్లగ పోనియ్, బైండింగ్ ఊడితది" అన్నారు. తన నడుము గురించి ఒక్కసారీ అనలేదు.

ఆ మాట అక్కడే తెరిచి చూసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. మీరు కూర్చుని ఉన్నారు కాబట్టి మీకు అలా తోచింది.

హాల్లోకి వచ్చి మైకు ముందు డిక్షనరీ తెరిచాను. మొదటి లైనే దొరికింది. "ఓల్డ్ అంటే పాత. వ్యతిరేకం, న్యూ" అని సువార్త ప్రకటించినట్టు చదివి, టప్పున మూసేశాను.

"అన్నా, జర కింది లైను గూడ చదువు" అంది రూతు.

"కింద ఏం లేదు."

"ఉందన్నా. ఇక్కడికెల్లి కనవడ్డది."

యాదగిరి సార్ తన పుస్తకాన్ని తాను తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, మెల్లగా చదివారు. "ముసలి, వయసు మళ్లిన. వ్యతిరేకం, యంగ్."

మరియమ్మవ్వ పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆయన అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎవరూ అడగకపోయినా అయ్యగారి వైపు తిరిగారు.

"ఈయన ఎప్పుడు గింతే అయ్యగారూ. మా దగ్గర ఏ బుక్కు తీసినా మొదట్లనే ఒక పేజీ మూల మడత పెట్టి ఉంటది. ఆ మడత దాటి ఈయన పోంగ నేను చూడలే."

"ఎన్ని బుక్కులట్ల?" అన్నారు అయ్యగారు.

"ఈయన చదివినయన్ని."

అయ్యగారు నవ్వు ఆపుకోవడానికి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఫికర్ చేయకు ప్రభాకర్. నీకు బుక్కులంటే ఇష్టం ఉన్నది, కాదంటలేను. కానీ ఆ గది చూసేటోళ్లు కూసోవాలె గద" అని తాళంచెవి తీసి రూతు చేతిలో పెట్టారు.

ఆ పిల్ల దాన్ని అందుకుని నా జేబు వైపు చూసింది. పిస్టన్ బయటికి తొంగి చూస్తోంది.

"అన్నా, అది గూడ దీనికేనా?"

కాదు అనబోయాను.

"ఇయ్యన్నా. ఉత్త తాళంచెవి యాడనన్న పడిపోతది."

ఇచ్చేశాను. బేసిన్‌లోంచి ఫోను తీసుకుందామని వెళ్తే, చల్లారిన సమోసాలు వేరే పళ్లెంలో పెట్టి అప్పటికే పంచేశారు. నా దాకా రాలేదు.

ఇప్పుడు ఆ గదికి నేను రోజూ వెళ్తాను. రూతు ఒక రూలు పెట్టింది. చేతిలో ఉన్నది పూర్తి చేస్తే తప్ప ప్రభన్నకు ఇంకో పుస్తకం ఇవ్వదు. గుమ్మం దగ్గర కూర్చున్న మరియమ్మవ్వ నన్ను చూసినప్పుడల్లా, "ఏం బిడ్డా, కింది లైను దాక పోయినవా?" అని అడుగుతుంది.

అందుకని ఆ పెద్ద డిక్షనరీ మీద చెయ్యి వేసి, యాదగిరి సార్ అనుమతితో, గ్రంథాలయం లోపలే ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ మాటకైనా కింది లైను చదవకుండా గంట ముట్టుకోను. అంతే కాదు, ఆ డిక్షనరీని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కుదురుగా కూర్చుని చదువుతాను. మొదలు కూడా పెట్టాను. ఎక్కడిదాకా వచ్చానని మాత్రం అడగకండి. వెళ్లి పుస్తకం తీస్తే మడత మీకే కనిపిస్తుంది.