రాజపాళయమా, ముధోలా: సాంచెల చప్పుడు సంచిలో వేసుకుని కాజీపేట దాకా

ముందే చెప్పేస్తున్నా, ఇది కుక్కల మీద ప్రేమతో బయలుదేరిన ప్రయాణం కాదు. మా మామగారి చెవుల కోసం వెళ్లాం. వరంగల్‌లో మా ఇంటి కింది భాగంలో రెండు మరమగ్గాలున్నాయి. మేం సాంచెలంటాం. నలభై ఏళ్లు వాటి పక్కన నిలబడి మామ చెవులు పోగొట్టుకున్నాడు. చెవి మిషన్ కొనిచ్చాం కానీ, పెట్టుకుంటే సాంచె చప్పుడు తప్ప ఇంకేం వినబడదంటూ బీరువాలో పడేశాడు. ఆ మధ్య ఒకరోజు మా ఆయన నూలు కోసం వెళ్లాడు. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేసరికి లోపల గడియ. వానలో ముప్పావు గంట తలుపు బాదాను. మామ లోపల హాయిగా టీవీలో బొమ్మలు చూస్తున్నాడు, పొయ్యి మీద పాలగిన్నె మాడిపోతోంది. అప్పటి నుంచి మా ఆయన బయటికి వెళ్తే పక్కింటాయనను కాపలా కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. "నేనేమన్న చిన్నపోరగాన్నా?" అని మామ సరిగ్గా అన్నం తినడం మానేశాడు. ఎవరైనా వస్తే ఆయన దగ్గరికి పరిగెత్తి చెప్పే కుక్క ఒకటుంటే ఆ కాపలా తప్పుతుందని నేనే మొదలుపెట్టాను.

ఇక ఏ జాతి అన్న దగ్గర మొగుడూ పెళ్లాలకు పేచీ. మన దేశపు వేటకుక్కలే కావాలని ఇద్దరికీ ఉంది. ఆయనకు పాలలా తెల్లగా ఉండే తమిళనాడు రాజపాళయం కావాలి. నాకేమో సన్నటి నడుముతో తక్కువ తిని, ఎక్కువ పరిగెత్తే కర్ణాటక ముధోల్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మా ఆయన అప్పుడే పేరు కూడా పెట్టేశాడు. రెండు జాతుల్నీ ఒకేచోట పెంచే మనిషి కాజీపేట అవతల ఉన్నాడని తెలిసి, ఒక ఆదివారం నేనూ మామా బయలుదేరాం. సాంచెల చప్పుడుకు బెదిరే కుక్క మా ఇంట్లో ఒక్కపూట ఉండదు. అందుకే ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, చిన్న స్పీకరొకటి సంచిలో వేసుకున్నాను. అంత తెలివి నాకే ఉందనుకున్నాను.

ఉదయం ఏడున్నరకు వరంగల్‌లో సిటీ బస్సెక్కితే హనుమకొండ మీదుగా కాజీపేటకు ముప్పావు గంట. నాకు ఉచిత టికెట్, మామకు ముప్పై రూపాయలు. అక్కడి నుంచి ఆ మనిషి ఇంటికి వెళ్లి, తిరిగి మా ఇంటిదాకా దింపడానికి ఆటో ఎనిమిది వందలకు కుదిరింది. "కుక్కపిల్లనా అక్కా? సీటు ఖరాబ్ జేస్తె యాభై ఎక్కువియ్యాలె," అన్నాడు డ్రైవర్. "చెయ్యకపోతే యాభై తగ్గిస్తావా తమ్మీ?" అంటే నవ్వి బండి తీశాడు.

కుక్కల్ని పెంచే యాదగిరన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో తిరిగిన ఊళ్ల నుంచి ఈ జాతుల్ని తెచ్చుకున్నాడట. మామిడిచెట్ల కింద మూడు తెల్ల రాజపాళయం కూనలు, ఒక గోధుమరంగు ముధోల్ కూన ఆడుకుంటున్నాయి. చాయ్ తాగి స్పీకర్ పెట్టాను. మొదటి దడదడకే ముధోల్ కూన మంచం కిందికి దూరి, వణుకుతూ ఉచ్చ పోసుకుంది. రెండు తెల్లవి తల్లి దగ్గరికి పరిగెత్తాయి. మూడోది మాత్రం నా కాళ్ల దగ్గర ఒళ్లు విరుచుకుని పడుకుంది. "సాంచెల నడుమ బుట్టినట్టున్నది చెల్లె!" అన్నాడు యాదగిరన్న. మా ఆయనే గెలిచాడనుకుని ఫోన్ తీశాను.

మామ నా చేయి పట్టుకుని ఆపాడు. అంతకుముందు మేం చాయ్ తాగుతుండగా యాదగిరన్న తిండిగిన్నె మోగించినప్పుడు కూనలన్నీ ఉరికిన సంగతి ఆయన చూస్తూనే ఉన్నాడు. "అది గిన్నె చప్పుడుకు లేస్తలేదు బిడ్డా. పక్కదాన్ని జూసి లేస్తాంది," అన్నాడు. మిగతా రెండు తెల్ల కూనల్ని లోపలికి తీసుకెళ్లమని, దాని వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. కూన తల తిప్పలేదు. ఇంకోసారి కొట్టాడు. అది చీమను చూస్తూ కూర్చుంది.

"గీ ఉపాయం నాకెర్కే. నేను గట్లనే నెట్టుకొస్తాన గద. నువ్వు నవ్వితె నవ్వుత, మీరు లేస్తె లేస్త."

యాదగిరన్న ముఖం పాలిపోయింది. "తెల్లయి కొన్ని గిట్ల చెవుడుతోని పుడతయని ఇన్న. నా ఇంట్లనే ఉన్నా కనిపెట్టలే," అని కూనను ఒళ్లోకి తీసుకున్నాడు. "ఫికర్ జెయ్యకు పెద్దన్నా, ఇది ఎవ్వలకియ్య. నా తోనే ఉంటది."

మామ దాన్ని చాలాసేపు నిమిరాడు. ఏది తీసుకుందామని, ఆయనకు కాస్త వినబడే ఎడమచెవిలో అరిచి అడిగాను. "మనసైతె దీని మీదనే ఉన్నది. కని ఇంటికి ఒక్క చెవిటోడు సాలు," అని తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తర్వాత మోకాళ్ల మీద వంగి, మంచం కింద వణుకుతున్న ముధోల్‌ను బయటికి తీశాడు.

"అది సాంచెలకు భయపడతాంది మామా!" అని మళ్లీ ఆ చెవిలోనే అరిచాను.

"భయపడ్డదంటె ఇన్నట్టే గద."

తిరుగు దారిలో రైలు పట్టాల దగ్గర గూడ్సు బండి కూత పెట్టింది. మామకు అది వినబడలేదు, ఒళ్లో కూన వణుకు తెలిసింది. రెండు అరచేతులతో దాని చెవులు మూశాడు. బండి మొత్తం పోయేదాకా తీయలేదు. "నలభై ఏండ్లల్ల నా చెవులు ఎవ్వలన్న మూసిండ్రా బిడ్డా?" అన్నాడు. ఫిర్యాదేం కాదు, టైమెంతయిందని అడిగినట్టే అడిగాడు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

మూడు నెలలయింది. మా ఆయన ఇప్పుడు చెవుల్లో దూది పెట్టుకున్నాకే సాంచె నడుపుతున్నాడు, మామ మాననిస్తే గదా! మొదట్లో సాంచె నడిచినంతసేపూ మామ కూనను పైన ఒళ్లో పెట్టుకునేవాడు, ఇప్పుడు దానికి ఆ చప్పుడు అలవాటైంది. ఎవరైనా తలుపు తడితే ముధోల్ మామ పంచె పట్టి లాగుతుంది, ఆయనే వెళ్లి గడియ తీస్తాడు. పక్కింటాయన కాపలా మానేశాడు. మామ అన్నం మళ్లీ అడిగి పెట్టించుకుంటున్నాడు. మీరూ కూనను తెచ్చుకోవాలనుకుంటే నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే: మిగతావాటి నుంచి విడిగా కూర్చోబెట్టి, వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. ముందు నిలబడి పిలిస్తే విననిది కూడా మన ముఖం చూసి వచ్చేస్తుంది. మా ఇంట్లో పదకొండేళ్లుగా మామ తలూపుతుంటే, నేను చెప్పిందంతా విన్నాడనే అనుకున్నాను.