రత్నం ఆంటీ సగంలో ఆపిన డైవింగ్

డైవింగ్ సూటు మంచినీళ్ళలో కడిగి స్నానాలగదిలో ఆరేశాను. ఐర్లండ్‌లో మేముండే ఈ కార్క్‌లో బయట ఆరేస్తే వానకి ఇంకోసారి తడవడమే తప్ప ఆరేది ఉండదు. ఇల్లంతా ఉప్పు, తడి రబ్బరు కలిసిన వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, రత్నం ఆంటీ గుర్తొస్తుంది. ఆ వెంటే, ఎక్కడున్నా కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చోవాలనిపిస్తుంది.

ఆవిడ మా ఐసీయూలో సీనియర్ నర్సు. భీమవరం మనిషి. చుట్టూ చేపల చెరువులున్న చోట పుట్టి, ఈత మాత్రం నలభై దాటాక ఇక్కడి పూల్‌లో నేర్చుకుంది. అక్కడితో ఆగక, సముద్రం అడుగున తిరిగే స్కూబా డైవింగ్‌కి దిగింది. చర్చిలో ఆడవాళ్ళు "ఈ వయసులో ఆ బిగుతు సూట్లేంటి?" అని నవ్వితే, "మీరూ రండి, మీ సైజూ దొరుకుద్ది" అనేది. ఒంగోలు నుంచి కొత్తగా వచ్చి, ఎవరేం చెప్పినా తలాడించే నన్ను కూడా పట్టుకుపోయి నీళ్ళలో దింపింది. రెండు మాటలు మాత్రం నాకు విసుగొచ్చేదాకా చెప్పింది. "ఊపిరి బిగబట్టకు. ఇంకోటి, ఎవరికి చాలనిపిస్తే వాళ్ళు ఆపేయొచ్చు. బొటనవేలు పైకి చూపిస్తే అందరం పైకొచ్చేయడమే. ఎందుకని అడగకూడదు." "కారణం లేకపోయినానా ఆంటీ?" అన్నాను. "కారణం చెప్పాలంటే ఎవరూ వేలెత్తరే. సిగ్గుపడి కిందే ఉండిపోతారు."

తర్వాత కోవిడ్ వచ్చింది. ప్లాస్టిక్ గౌనుల్లో చెమటతో తడుస్తూ, అయినవాళ్ళు రాలేని రోగుల చేతులు మేమే పట్టుకున్నాం. ఫోన్లో అమ్మ అడిగితే బాగున్నాననేదాన్ని. మేనేజరు అడిగితే "గ్రాండ్" అనేదాన్ని, బాగున్నామనడానికి ఇక్కడ అందరూ అనే మాటే. నిజానికి నర్సు పనే మానేయాలనిపించేది. అందరూ మోస్తుంటే నేనొక్కదాన్నే ఎలా దించను?

విమానాలు మళ్ళీ తిరగ్గానే ఆంటీ నన్ను లాంజరోటేకి లాక్కుపోయింది. అట్లాంటిక్‌లో అగ్నిపర్వతాలు కక్కిన రాయితో తయారైన దీవి. ఎటు చూసినా మాడిన మూకుడులా నల్లటి నేల. ఈ నీళ్ళ కోసం ఆవిడ లాక్‌డౌన్ అంతా ఎదురుచూసింది. మిగతా డైవర్లతో కలిసి పడవ మీంచి నీళ్ళలోకి దిగాం. కింద గడ్డకట్టిన లావా గోడ, దాని ముందు వెండి రంగు చేపల గుంపు. నా మనసు అక్కడ నిలవలేదు. నోట్లోని గాలి గొట్టంలో నా ఊపిరి నాకే వెంటిలేటర్ చప్పుడులా వినబడింది. ఒక్కొక్క మంచమే కళ్ళముందుకొచ్చింది. మాస్కు లోపల ఏడుస్తూనే ఉన్నాను, చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఆవిడ సరదా పాడుచేయడానికి మనసొప్పలేదు. ఆంటీ దగ్గరికొచ్చి నా ముఖంలోకి చూసింది. తనే బొటనవేలు పైకెత్తింది. అందరం మెల్లగా పైకి వచ్చేశాం.

పడవ మీద ఎవరూ ఏమీ అడగలేదు. పడవ నడిపే ఆయన టీ అందించాడు. నేనే ఉండబట్టలేక, "నా వల్ల మీ డైవ్ పోయింది ఆంటీ" అన్నాను.

"నీ వల్లేంటే? నాకూ వార్డే వినబడింది" అంది, జుట్టు పిండుకుంటూ. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడడం నాకదే మొదటిసారి. "నేను చెయ్యెత్తకపోతే నువ్వు చచ్చినా ఎత్తవు. అదే నా భయం. అక్కడ కూడా ఎత్తవే" అంది. అక్కడంటే వార్డని నాకు తెలుసు.

తిరిగొచ్చాక మేనేజరు గదికి వెళ్ళి, ఐసీయూ ఇక నా వల్ల కాదన్నాను. డయాలసిస్‌కి మార్చారు. అలా నర్సుగా మిగిలాను. ఆంటీ రిటైరై, మోకాళ్ళు మొరాయించడంతో డైవింగ్ కూడా మానేసి, డబ్లిన్ పక్కన లూకన్‌లో కూతురి దగ్గర ఉంటోంది.

మొన్న డ్యూటీ మొదట్లోనే మా యూనిట్లోని గుంటూరు అమ్మాయి వచ్చి, "అక్కా, ఇవాళ నా వల్ల కాదు" అంది. ఏమైందన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "కోటు తెచ్చుకో, ఇంటికెళ్ళు" అన్నాను. ఆమె పేషెంట్లనీ నేనే చూసుకున్నాను. ఇంటికొచ్చేసరికి నడుం విరిగినంత పనైంది. మర్నాడు ఆ అమ్మాయి మామూలుగానే డ్యూటీకి వచ్చింది. ఆమెకి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.