టిక్కు పెట్టే చోటు లేని భయం

గరిడేపల్లి గోపిక సైకాలజీ చదివి, హైదరాబాద్‌లో ఒక ప్రొఫెసర్ దగ్గర సర్వే పనికి చేరింది. టీనేజీ పిల్లలకు డేటింగ్ అంటే ఎంత భయమో కొలవడం ఆ పని. ప్రశ్నలు ఎక్కడో విదేశంలో తయారైనవి. వాటిని తెలుగులోకి దించేసరికే ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

మిర్యాలగూడలో ఒక జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ మొదటి పేజీ చూసి కళ్లద్దాలు తీశాడు.

“ఈ డేటింగ్ ఏందమ్మా? పిల్లలకు మనమే నేర్పినట్టయితది.”

“నేర్పుడు కాదు సార్, భయం ఎంతుందో అడుగుడే.”

చివరికి ఆ మాట కొట్టేయించి, ‘స్నేహంగా మాట్లాడటం’ అని రాయించాడు. క్లాసులో లెక్చరర్ ఉండాలన్నాడు. లెక్చరర్ బెంచీల మధ్య తిరుగుతుంటే పిల్లలందరూ ‘భయం అసలు లేదు’ దగ్గర టిక్కు పెట్టారు. ఆ కాగితాలు చూసి గోపికకు ఒళ్లు మండింది. ప్రొఫెసర్ మాత్రం ఫోన్‌లో, “మంచిదే, అక్కడి పిల్లలు ధైర్యవంతులన్నమాట” అన్నాడు.

కోదాడ కాలేజీలో ఆమె లెక్చరర్‌ను బయటే ఉండమని పట్టుబట్టింది. కాసేపటికి హిమజ అనే అమ్మాయి లేచింది.

“మేడం, అబ్బాయితో మాట్లాడాలంటే నాకు భయం లేదు. బస్టాండ్‌లో ఎవరన్నా చూసి మా అన్నకు చెప్తారేమోనని భయం. దానికి ఎక్కడ టిక్కు పెట్టాలి?”

ఎక్కడా లేదు. “కింద రాయమ్మా,” అంది గోపిక. మిగతావాళ్లూ రాయడం మొదలుపెట్టారు. బెల్లు కొట్టినా కొందరు లేవలేదు.

“కింద రాసినవి లెక్కలోకి రావు,” అన్నాడు ప్రొఫెసర్, హైదరాబాద్‌లో ఆ కాగితాలు తిరగేసి.

“అయితే మిర్యాలగూడవి కూడా తీసెయ్యండి సార్. అవి లెక్చరర్‌ను చూసి పెట్టిన టిక్కులు. అసలు భయాన్ని అడగకుండ ఏం కొలుస్తున్నం మనం?”

చాలాసేపు వాదించాక ఆయన ‘ఎవరన్నా చూస్తారని భయమా’ అన్న ప్రశ్న కలపడానికి ఒప్పుకుని, మిర్యాలగూడకు మళ్లీ వెళ్లమన్నాడు. బస్సులో సీటు కూడా దొరకలేదు.

“మళ్ల వచ్చినవా,” అన్నాడు ప్రిన్సిపాల్. ఈసారి లెక్చరర్ వద్దని ఆమె అనగానే గొంతు తగ్గించాడు. “రేపు ఎవరి నాయనో వచ్చి నా గల్లా పట్టుకుంటే ఏం చెప్పాలె?”

ఈయనకూ హిమజకున్న భయమే, ఎవరికైనా తెలుస్తుందేమోనని. జాలిపడే ఓపిక గోపికకు మిగల్లేదు. “తలుపు తీసే ఉంచుదాం సార్. మీరు వరండాల కూసోండి,” అంది.

పిల్లలు మాటిమాటికీ తలుపు వైపు చూస్తూనే రాశారు. కొత్త ప్రశ్న దగ్గర దాదాపు అందరూ ‘చాలా భయం’ అని పెట్టారు. గోపిక ఆ కాగితాలు సంచిలో సర్దుకుని బస్టాండ్‌కు నడిచింది. సూర్యాపేట కాలేజీ ఇంకా మిగిలే ఉంది.