వెనక మోగిన సైకిల్ బెల్

దయ్యం అన్న మాట వింటే నాకు నవ్వొచ్చేది. గుంటూరులో బీఫార్మసీ చదివేటప్పుడు మా హాస్టల్ మూడో అంతస్తు చివరి గదిలో ఎవరో తిరుగుతున్నారని పిల్లలంతా ఖాళీ చేసి పోయారు. నేను కోరి మరీ అందులో చేరాను. ఒక ఫ్యాను, రెండు కిటికీలు, అన్నీ నాకొక్కదానికే. రెండేళ్ళు కాళ్ళు బార్లా చాపుకుని నిద్రపోయాను.

అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇంకొకరు చెబితే మొదట ఎగతాళి చేసేదాన్ని నేనే. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఉప్పూకారం చల్లను.

కోవిడ్ తగ్గాక మన పిల్లలు చదువులకని కెనడాలోని ఒషావాకి వరదలా వచ్చిన రోజులవి. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఆడపిల్లలం ఉండేవాళ్ళం. నా పక్క పరుపు మెర్సీది. నరసాపురం పిల్ల, నాకన్నా మూడేళ్ళు చిన్న, నోరు మూయడం తెలియదు. తనకి ఆస్తమా ఉంది. వాళ్ళమ్మ మొదటి వీడియో కాల్‌లోనే "పిల్లని నీ చేతుల్లో పెడుతున్నానమ్మా" అన్నారు. నాదీ పూచీ అన్నాను. అనడం తేలికే కదా.

అక్టోబర్‌లో కాలేజీకి వారం రోజులు సెలవులొచ్చాయి. మెర్సీకి పెదనాన్న వరసయ్యే ఇజ్రాయేల్ గారు క్విబెక్‌లో, మాంట్రియల్‌కి గంటన్నర దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉంటారు. డాక్టరుగా రిటైరయ్యారు. ఆయనా, ఆంటీ రమ్మంటే ఇద్దరం వెళ్ళాం. ఆ ప్రాంతమంతా ద్రాక్షతోటలు, అడవులు. పాత రైలు పట్టాలు పీకేసి ఆ కట్ట మీద సైకిళ్ళ దారి వేశారు. కార్లు రావు. అంకుల్ రోజూ దాని మీదే వాకింగ్‌కి వెళ్ళేవారు. "బండ్ల భయం లేదమ్మా, చిన్నపిల్లలు కూడా తొక్కుతారు" అని ఆయనే మమ్మల్ని ఎగదోశారు.

మొత్తం ఇరవై కిలోమీటర్లు. ఒక ఊళ్ళో మమ్మల్ని, సైకిళ్ళని దింపి, ఆ చివర పాత రైల్వే స్టేషన్ దగ్గర కారుతో ఉంటానన్నారు. దారి మధ్యలో, ఎనిమిదో కిలోమీటరు దగ్గర, ఒక ద్రాక్షతోట ముందు రోడ్డు అడ్డంగా వస్తుంది. అక్కడ కూర్చుని తినమని ఆంటీ పులిహోర కట్టిచ్చారు.

నేను సైకిల్ నేర్చుకున్నది ఇరవయ్యారో ఏట, ఒషావాలో, మెర్సీ సీటు పట్టుకుని పరిగెడుతుంటే. ముందుకి బాగానే తొక్కుతాను. వెనక్కి మెడ తిప్పానా, హ్యాండిల్ కూడా దాంతోపాటే తిరుగుతుంది, నేలమీద పడతాను. నాకిచ్చింది అంకుల్ సైకిల్, దానికి బెల్ లేదు. మెర్సీ తీసుకున్న ఆంటీ సైకిల్‌కి ఉంది.

అందుకని మెర్సీ ఒక ఏర్పాటు చేసింది. నేను ముందు, తను వెనక. తను రెండుసార్లు బెల్ కొడితే నేను "ఊ" అనాలి. వాళ్ళ నానమ్మ కథ చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే కథ ఆపేసేదట. "నువ్వు ఊ అనకపోతే నేనూ ఆగిపోతానక్కా, చూస్కో" అంది. మంచి ఆటే అనుకున్నాను.

పొద్దున పదకొండింటికి బయల్దేరాం. రెండు పక్కలా ద్రాక్ష వరసలు, పిట్టలు తినకుండా వాటి మీద తెల్లటి వలలు. ఎదురొచ్చిన వాళ్ళంతా ఫ్రెంచిలో బోంజూర్ అని పలకరిస్తూ పోయారు. మెర్సీ ప్రతి ఒక్కరికీ తిరిగి బోంజూర్ చెప్పి, తన ఉచ్చారణకి తనే నవ్వుకుంది. ట్రింగ్ ట్రింగ్. ఊ. ట్రింగ్ ట్రింగ్. ఊ. అలా ఎనిమిది కిలోమీటర్లు వచ్చాం.

తోట దగ్గర తిన్నాం. అక్కడ కూలీలు ద్రాక్ష కోస్తున్నారు. తిన్నాక మెర్సీ కాస్త ఆయాసపడుతుంటే తన బ్యాగు నేను తీసుకుని నా క్యారియర్‌కి కట్టేశాను. తన ఫోన్ కూడా చలికి ఛార్జ్ దిగిపోతోందని పవర్ బ్యాంక్‌కి తగిలించి అందులోనే పెట్టాను. తన ఇన్‌హేలర్ ఆ బ్యాగులోనే ఉందని నాకు తెలుసు. బరువు పెద్దవాళ్ళు మోయాలని మా ఇంట్లో అలవాటు. ఆ అలవాటు ఆ రోజు ఎంత పని చేసిందో తరవాత తెలిసింది.

ఒంటిగంటకి మళ్ళీ ఎక్కాం. తోటలు అయిపోయి అడవి మొదలైంది, దానితోపాటే పొగమంచు కమ్మింది. ముందు పది పన్నెండు అడుగులకన్నా కనపడటం లేదు. మనుషులెవరూ ఎదురు రాలేదు.

వెనక ట్రింగ్ ట్రింగ్ మంది. ఊ అన్నాను.

కాసేపటికి నాకు ఒక సంగతి తోచింది. తోట దాటాక మెర్సీ ఒక్క మాటా మాట్లాడలేదు. నిద్రలో కూడా మాట్లాడే మనిషి. "చలేస్తోందా?" అని అడిగాను. ట్రింగ్ ట్రింగ్. "ఆగుదామా?" అన్నాను. ట్రింగ్ ట్రింగ్. ఆయాసం వల్ల మాట్లాడలేకపోతోంది, బెల్లే కొడుతోంది అనుకున్నాను.

పదమూడో కిలోమీటరు రాయి దాటాక వాగు మీద చెక్కవంతెన ఉంది. నా చక్రాల కింద చెక్కలు దడదడలాడాయి. అవతలికి చేరాక, సరిగ్గా మెర్సీ ఉండాల్సినంత ఎడంగా, వెనక మళ్ళీ చెక్కలు దడదడలాడాయి. అది నా చెవులతో విన్నాను. అందుకే నా వెనక సైకిల్ రావడం లేదేమోనన్న అనుమానం నాకు రానే లేదు.

వంతెన తరవాత బెల్ దగ్గరైంది. మొదట ఇరవై అడుగుల దూరంలో, తరవాత పది. చివరికి నా క్యారియర్‌ని ఆనుకునే మోగింది. "మరీ మీదకి రాకే, పడతాను" అన్నాను. తన ఊపిరి వినపడలేదు. ఆస్తమా మనిషి అంత దగ్గరగా ఉంటే పిల్లికూతలు వినపడాలి.

అప్పుడు నాకు భయం వేసింది. దేనికో తెలియని భయం. గట్టిగా తొక్కాను. ట్రింగ్ ట్రింగ్ మన్నప్పుడల్లా ఊ అంటూనే ఉన్నాను. అనకపోతే ఏమవుతుందో అనిపించింది.

రెండుంపావుకి స్టేషన్ చేరాను. అంకుల్ కారు పక్కన ఫ్లాస్క్ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మెర్సీ ఏదమ్మా?"

"వెనకే ఉందంకుల్."

అప్పుడే మంచులోంచి ట్రింగ్ ట్రింగ్ మంది. అంకుల్ నవ్వి, "అదుగో, మీ ఆంటీ బెల్లే" అన్నారు. ఆయన విన్నారు. ఇది నేను ఒకటికి పదిసార్లు గుర్తు చేసుకున్నాను. ఆయన స్పష్టంగా విన్నారు.

రెండు నిమిషాలు చూశాం. ఎవరూ రాలేదు. అంకుల్ మెర్సీ అని పిలుస్తూ దారిలోకి నడిచారు. తిరిగొచ్చేసరికి ఆయన మొహంలో నవ్వు లేదు.

"అక్కడెవరూ లేరు. నువ్వు తనని కళ్ళతో ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"తోట దగ్గర."

"ఇన్‌హేలర్ తన దగ్గరుందా?"

నేను క్యారియర్ వైపు చూశాను. ఆయన బ్యాగు విప్పి ఇన్‌హేలర్ తీసుకున్నారు. "నేను రోడ్డు మీదుగా తోట దగ్గరికి పోయి అటునుంచి వెతుకుతాను. నువ్వు వచ్చిన దారినే వెనక్కి రా. ఎక్కడ కనపడినా కదలనివ్వకు" అన్నారు. కారు వెళ్ళిపోయింది.

ఆ పన్నెండు కిలోమీటర్లు మళ్ళీ ఒక్కదాన్నే తొక్కాను. ఫోన్లో సిగ్నల్ లేదు. "మెర్సీ" అని అరుస్తూనే ఉన్నాను. వాళ్ళమ్మకి ఏం చెప్పాలి అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. కన్నీళ్ళకీ మంచుకీ తేడా తెలియలేదు.

చెక్కవంతెన దాటాను. చెక్కలు దడదడలాడాయి. అవతలికి చేరాక వెనక మళ్ళీ దడదడలాడాయి.

ట్రింగ్ ట్రింగ్.

నేను ఊ అనలేదు. పెదవులు కరుచుకుని తొక్కాను.

మళ్ళీ ట్రింగ్ ట్రింగ్. అనలేదు.

మూడోసారి బెల్ మోగాక, నా వెనక ఎవరో "ఊ" అన్నారు.

మన వాయిస్ మెసేజ్ మనమే వింటే ఎలా ఉంటుందో తెలుసు కదా. మన గొంతే, కానీ ఎవరిదో అనిపిస్తుంది. అలా ఉంది. అది నా గొంతు.

తొమ్మిదో రాయి ఎప్పుడు దాటానో గుర్తులేదు. ఎనిమిదో రాయి ఇంకో నాలుగు వందల మీటర్లు ఉందనగా అంకుల్ గొంతు వినపడింది. మెర్సీ ఒక పైన్ చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉంది, అంకుల్ కోటు కప్పారు. పక్కన ఇద్దరు తోట కూలీలు. మెర్సీ పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి కానీ ఊపిరి ఆడుతోంది. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేమని అంకుల్ తరవాత అన్నారు. అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది.

తన సైకిల్ చూశాను. చెయిన్ ఊడిపోయి ఉంది. బెల్ డిప్ప విరిగి గడ్డిలో పడి ఉంది. నేను ఏరి జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మర్నాడు హాస్పిటల్లో మెర్సీ చెప్పింది. తోట నుంచి నాలుగు వందల మీటర్లు వచ్చేసరికి చెయిన్ ఊడి పడిపోయిందట. పడినప్పుడే బెల్ విరిగింది. తోట దాటాక తను ఒక్కసారి కూడా బెల్ కొట్టలేదు. అరుద్దామంటే ఊపిరి అందలేదు.

"వెనక్కి పాకుతూ అయినా తోటకి పోయేదాన్నక్కా. జనం ఉన్నారుగా. కానీ నువ్వు వస్తున్నావనుకున్నా."

"నేనొస్తున్నానని ఎలా అనుకున్నావే?"

"ఊ అంటున్నావుగా. ముందు దూరంగా అన్నావు. తరవాత దగ్గరగా. వస్తున్నావు కదా, కదిలితే ఇంకా ఆయాసం వస్తుందని కూర్చుండిపోయా."

నేను కుర్చీ తన మంచానికి దగ్గరగా జరుపుకున్నాను.

"తరవాత నా వెనకనించి అన్నావు. చెట్టు వెనకనించి. అప్పుడు నువ్వు కాదని తెలిసింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నా."

మెర్సీయే కొడుతోందనిపించి నన్ను ముందుకి పోనిచ్చింది ఆ బెల్. నా గొంతేననిపించి మెర్సీని కదలకుండా కూర్చోబెట్టింది ఆ ఊ. మధ్యలో పన్నెండు కిలోమీటర్లు. ఇన్‌హేలర్ ఒకవైపు, దాని మనిషి ఇంకోవైపు.

మా అమ్మకి ఫోన్‌లో చెబితే, "పిలిచిందెవరో చూడకుండా పలకొద్దని చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పానే" అని ఏడ్చింది. అంకుల్ మాత్రం మంచులో శబ్దం వింతగా ప్రయాణిస్తుందన్నారు. అడవిలో కొన్ని పిట్టలు అలా కూస్తాయన్నారు. మరి మీరే ఆంటీ బెల్ అన్నారుగా అంటే, "అన్నానా?" అని పేపరు మడిచి లేచిపోయారు. ఆయన ఆ దారిలో వాకింగ్ మానేసి ఊళ్ళో పేవ్‌మెంట్ మీద తిరుగుతున్నారని ఆంటీ తరవాత చెప్పారు. ఎందుకని అడిగితే మోకాళ్ళంటారట.

మెర్సీ ఇప్పుడు విన్నిపెగ్‌లో ఉంది. అక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. వారం వారం గంటసేపు మాట్లాడుకుంటాం. తను చెబుతుంటే నేను "సరే" అంటాను, "చెప్పు" అంటాను. ఊ అని మాత్రం అనను. తనూ అనదు. అనొద్దని మేము ఎప్పుడూ అనుకోలేదు.

ఒక అబద్ధం మాత్రం చాలాకాలం లోపలే ఉండిపోయింది. తిరిగి చూస్తే పడతానని చూడలేదు అనే అందరికీ చెప్పాను. తిరిగి చూడనక్కర్లేదు. బ్రేక్ నొక్కి, కాలు నేల మీద పెట్టి, దిగి చూడొచ్చు. రెండేళ్ళ పాపకి కూడా తెలుస్తుంది. వంతెన దాటి అది నా వీపుకి దగ్గరైనప్పుడు, నా వెనక ఉన్నది మెర్సీ కాదని నాకు తెలిసిపోయింది. తెలిసే తొక్కాను. ఇన్‌హేలర్ వీపు వెనకే పెట్టుకుని, నా ప్రాణం కోసం తొక్కాను. దిగి చూసుంటే వెంటనే వెనక్కి పోయి ఉండేదాన్ని. అరగంట ముందే పిల్లకి ఊపిరి అందేది.

పోయిన నెల ఫోన్‌లో ఇది మెర్సీకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

తిట్టలేదు, మెల్లగా అంది. "నాక్కూడా ముందే తెలుసక్కా. వెనకనించి అనకముందే. నువ్వొస్తుంటే సైకిల్ చప్పుడు రావాలిగా, రాలేదు. అయినా నువ్వే అనుకున్నా. అనుకోకపోతే అక్కడ ఒక్కదాన్నే ఉండాలిగా."

అది ఏమిటో నాకు తెలియదు. తనకీ తెలియదు. మా ఇద్దరిలో ఒక్కరం తిరిగి చూసినా తెలిసి ఉండేది.