ఆకుతోట గుమ్మం దగ్గర కడిగిన కాళ్ళు

2004 వానాకాలం. అప్పటికి నేను ఒడిశాలోని బరంపురంలో ఓ చిన్న ప్రయోగశాలలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. అక్కడే లంజిపల్లి అనే పేటలో అద్దె ఇల్లు, ఓ పాత స్కూటరు, దాని వెనక సీటుకి తాడుతో కట్టిన ప్లాస్టిక్ డబ్బా, డబ్బా నిండా పొడి పొట్లాలు. మేం పెంచేది శిలీంధ్రాన్ని. బూజు పెంచి జీతం తీసుకునే మనిషని మా బావమరిది నన్ను పెళ్ళిళ్ళలో అందరికీ పరిచయం చేసేవాడు. ఒళ్ళు మండేది, కానీ అతనన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆ బూజు పేరు ట్రైకోడెర్మా. నేలలో సహజంగానే ఉంటుంది, మొక్కకి హాని చెయ్యదు. వేళ్ళని, కాండాన్ని కుళ్ళబెట్టే చెడ్డ శిలీంధ్రాల మీదకి పాకి, చుట్టుకుని, వాటిని తినేస్తుంది. మేం దాన్ని గాజు పళ్ళేల్లో పెంచి, టాల్కు పొడిలో కలిపి పొట్లాలు కట్టేవాళ్ళం. రైతు దాన్ని మాగిన పశువుల ఎరువులో, కాస్త వేపపిండితో కలిపి, నీడలో తడి ఆరకుండా పదిహేను రోజులు ఉంచాలి. కుప్పంతా ఆకుపచ్చగా పూసాక మొక్కల మొదళ్ళలో వెయ్యాలి. ఇది జబ్బు వచ్చాక కుదిర్చే మందు కాదు, రాకుండా కాసే కాపలా. ఈ ముక్క నేను రైతు శిక్షణల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆ ఏడాది సోనేపూర్ వైపు ఒక తెలుగు ఊళ్ళో తమలపాకు తోటలు చచ్చిపోతున్నాయని కబురొచ్చింది. ఒడియాలో బరజ అంటారు, మనవాళ్ళు ఆకుతోట అంటారు. చుట్టూ వెదురు దడి, పైన కొబ్బరి మట్టల కప్పు, లోపల ఎప్పుడూ చీకటిగా, చెమ్మగా ఉంటుంది. తీగలకి బాగా పడేది ఆ చెమ్మే, జబ్బుకి బాగా పడేదీ ఆ చెమ్మే. వచ్చింది మొదలుకుళ్ళు. ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి తెచ్చే తెగులు అది. దాని బీజాలకి తోకలుంటాయి. తడిలో ఈదుకుంటూ పోయి తీగ మొదట్లో దిగబడతాయి. నాలుగు రోజుల్లో మొదలు నల్లబడి, పట్టుకు లాగితే తీగ చేతిలోకి ఊడి వచ్చేస్తుంది.

ఊరికి ఉత్తరాన ఉన్న తోటలన్నిటికీ ఒకదాని తర్వాత ఒకటిగా పట్టేసింది. దక్షిణాన విడిగా ఉన్న ఒక్క తోట మాత్రం పచ్చగా ఉంది. అది తవిటయ్యది. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఆకుతోట వెయ్యాలంటే విత్తనాలుండవు, మంచి తీగనుంచి ముక్కలు కోసి నాటాలి. ఊళ్ళో ఇక మంచి తీగ మిగిలింది అతని దగ్గరే. ఆ తోట పోతే వచ్చే ఏడు ఆ ఊళ్ళో ఎవరికీ నాటడానికి ముక్క దొరకదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకే రైతులు నన్ను చూడగానే తమ తోట గురించి కాక, ముందు తవిటయ్య తోట ఎలా ఉందని అడిగేవారు.

ఆకుతోటంటే వాళ్ళకి గుడితో సమానం. స్నానం చెయ్యకుండా వెళ్ళకూడదు. చెప్పులు బయటే విడవాలి. గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కునే అడుగుపెట్టాలి. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు. తవిటయ్య భార్య నరసమ్మ ఆ తోటకి కావలసిన నీళ్ళన్నీ మోసేది గానీ, లోపల తీగ ఎలా పాకుతుందో ఒక్కసారీ చూడలేదట. ఇంకొకటి కూడా ఉంది. జబ్బు పడిన తోట ఆసామి మంచి తోటలోకి రాడు. వస్తే దిష్టి అని, అరిష్టమని వాళ్ళ నమ్మకం. అది విని నేను లోలోపల నవ్వుకున్నాను. పైకి మాత్రం పద్ధతులన్నీ పాటించాను. నాకంటే ముందొచ్చిన ఓ ఆఫీసరు బూట్లతో లోపలికి పోబోయి చివాట్లు తిన్నాడట. నేను లుంగీ మడిచి, చెప్పులు విడిచి, ఎంతో భక్తిగా కాళ్ళు కడుక్కుని వెళ్ళేసరికి ఊరు ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు నా తలకెక్కింది కూడా.

వారానికోసారి వెళ్ళేవాణ్ణి. ఉత్తరపు తోటల్లో తిరిగి, కుళ్ళిన మొదళ్ళ దగ్గర మట్టి తీసి సంచుల్లో కట్టుకునేవాణ్ణి. ఆ తోటలకి మా పొడి వేసినా లాభం లేకపోయింది, వేళ మించిపోయింది. పొద్దున్నుంచీ చచ్చిన తీగల్ని చూసిన కళ్ళకి కాస్త పచ్చదనం కావాలనిపించి, ఆఖర్న తవిటయ్య తోటకి వెళ్ళేవాణ్ణి. గుమ్మం పక్కన ఒక బండ. దాని మీద నిలబడితే నరసమ్మ బిందెతో నీళ్ళు పోసేది. లోపలికి వెళ్ళి కాసేపు కూర్చుంటే ప్రాణం లేచొచ్చేది. తవిటయ్య నేను చెప్పినట్టే కొబ్బరి చెట్ల నీడన ఎరువు కుప్ప పెట్టి, పొడి కలిపి, గోనెలు కప్పాడు. మరో వారం ఆగితే తీగలకి వెయ్యొచ్చు.

జబ్బు ఆ వారం ఆగలేదు. నేను వెళ్ళేసరికి గుమ్మం పక్క రెండు వరసలూ తలలు వేలాడేశాయి. ఒక తీగ పట్టుకున్నాను. ఊడి వచ్చేసింది. మొదలు నల్లగా, వేలు పెడితే మెత్తగా దిగిపోయింది. నా నోట మంచి మాట రాలేదు. ఎవర్ని రానిచ్చావు, ఎక్కడి తీగ తెచ్చి నాటావు అని ఆ పెద్దాయన మీద అరిచాను. ఎవర్నీ రానివ్వలేదు, ఏమీ తేలేదు అని తవిటయ్య అన్నాడు. ఒట్టేసి చెప్పాడు. అప్పటికే ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. పట్నం బాబు తెచ్చిన బూజే ఈ కుళ్ళు తెచ్చిందని. కుప్ప మీద గోనె ఎత్తి చూస్తే ఆకుపచ్చగా పూసి ఉంది మరి. ఆ ఎరువు ఇంకా తోటలోకి వెళ్ళనే లేదని ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

నాకు రోషం వచ్చింది. కుప్పలోంచి నమూనా తీసుకెళ్ళి పరీక్షించాను. నిండా ట్రైకోడెర్మాయే ఉంది, ఫైటోఫ్తోరా జాడ లేదు. నా బూజు తప్పు చెయ్యలేదని రుజువైంది. ఆ కాయితం పట్టుకుని, నెగ్గినవాడిలా మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. పనిలో పనిగా దారిలో ఉత్తరపు తోటల్లోనూ దిగి చూశాను.

బండ మీద నిలబడ్డాను. నరసమ్మ బిందె ఎత్తి, పొయ్యకుండా ఆగింది.

"బాబూ, ఒక మాట సెప్తాను. కోపం పడకండి."

చెప్పమ్మా అన్నాను.

"నాను లోనకి ఎల్లను. ఈ గుమ్మం కాడే ఉంతాను. నాకు అగుపించీది ఈ నీళ్ళే. మీ కాళ్ళు కడిగిన నీళ్ళు ఎటు ఎల్తన్నాయో ఒకపాలి సూడండి."

నీళ్ళు పోసింది. నా వేళ్ళ సందుల్లోంచి నల్లటి మట్టి కరిగి దిగింది. బండ మీంచి జారి, వాలుకి పారి, దడి కిందనుంచి లోపలికి వెళ్ళింది. సరిగ్గా ఆ రెండు వరసల మధ్య కాలవలోకి.

"మా ఊరోలు జబ్బు తోటలోంచి ఇటు రారు," అంది నరసమ్మ. "ఆ తోటలన్నీ తిరిగి మా తోటకి వచ్చినోలు మీరొక్కలే బాబూ. ఏటంటే, నాకు సదువు లేదు. తప్పైతే ఒగ్గీండి."

ఆ బండ మీదే కూర్చుండిపోయాను. తోకలున్న బీజాలు తడిలో ఈదుతాయని పదకొండేళ్ళుగా నల్లబోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినవాణ్ణి నేను. వాళ్ళ అరిష్టం మాట విని నవ్వుకున్నవాణ్ణీ నేనే. ఏ పేరు పెట్టుకుంటేనేం, వాళ్ళు జబ్బుకి దారి మూసేశారు. ఆ కట్టుబాటు నాకు వర్తించదని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా! వారం వారం వచ్చి, పచ్చటి తోట గుమ్మంలో నిలబడి, భక్తిగా ఆ విషాన్ని లోపలికి కడిగి పంపాను.

నమ్మబుద్ధి కాలేదు. ఇంకోసారి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు సీసాలో పట్టుకున్నాను. బరంపురం వచ్చి రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో నా కాళ్ళ నీళ్ళు, రెండో దాంట్లో ఉత్త బావి నీళ్ళు. రెండిట్లోనూ మంచి తమలపాకు ముక్కలు వేశాను. మా పనిలో దీన్ని బెయిటింగ్ అంటారు, ఎర వెయ్యడమన్నమాట. మూడో రోజుకి బావి నీళ్ళలో ముక్కలు పచ్చగానే ఉన్నాయి. కాళ్ళ నీళ్ళలోవి నల్లబడ్డాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. చూడాల్సిన అవసరం నిజానికి లేదు.

నాతో పనిచేసే ఒకాయన ఇది విని, బయటపెట్టకు, వానకి కొట్టుకొచ్చిందని రాసేస్తే సరిపోతుంది అన్నాడు. అతను చెడ్డవాడు కాడు, నా మంచికే చెప్పాడు. ఆ సలహా నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. రెండు రోజులు దాన్ని పట్టుకుని తిరిగాను. కానీ నేను నోరు విప్పకపోతే ఆ బండ అక్కడే ఉంటుంది, ఆ నీళ్ళు అటే పోతుంటాయి.

వెళ్ళి తవిటయ్యకి చెప్పాను. గుమ్మానికి దూరంగా, రోడ్డు మీదే నిలబడి చెప్పాను. అతను గుమ్మం పక్కనున్న బండకేసి చూశాడు. ఆ చూపు కంటే నాలుగు తన్నినా బాగుండుననిపించింది. నన్ను తిట్టండి తవిటయ్య గారూ అన్నాను.

"తిడితే ఏటవుద్ది బాబూ," అన్నాడు. "ఈయేళ మిమ్మల్ని తిడితే, రేపు ఇంకోడు తప్పు సేసి సెప్పడు. మిగిలింది మిగుల్తాదా? అది సెప్పండి."

మిగులుతుందో లేదో నాకు తెలీదు. తెలీదనే చెప్పాను. జబ్బు వరసల్నీ వాటి పక్కన మరో రెంటినీ అతనే పీకి తగలబెట్టాడు. వాటికీ మంచి వరసలకీ మధ్య లోతుగా కాలవ తవ్వాడు. బండ తోటకి దిగువన, నీళ్ళు బయటికి పోయేచోటికి మారింది. పూసిన ఎరువు మిగిలిన తీగలన్నిటికీ వేశాడు. ఊళ్ళో ఆ బూజుని తిట్టినవాళ్ళే తవిటయ్య పిలిస్తే వచ్చి ఆ ఎరువు మోశారు, దడి బయటి వరకే. నేను లోపల అడుగుపెట్టలేదు. ఇంకో వరస పోయింది. ఆపైన ఆగింది. కాలవ ఆపిందా, ట్రైకోడెర్మా ఆపిందా, వానలు తెరిపివ్వడం వల్ల ఆగిందా అని అడిగితే, అన్నీ కలిసి అంటాను. అంతకు మించి చెబితే గొప్పలు పోవడమే.

వాన వెనకపట్టాక తీగ ముక్కలు పంచే రోజు వచ్చింది. తవిటయ్య లోపల కోస్తున్నాడు. నరసమ్మ గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరినీ ఇవాళ ఎక్కడెక్కడ తిరిగి వచ్చావని అడిగి, అప్పుడు కట్ట అందిస్తోంది. నేను రోడ్డు మీద బకెట్లో మా పొడి నీళ్ళలో కలిపి, ముక్కల్ని ముంచి ఇస్తున్నాను. బాబు లోనకి రారేటి అని ఎవరో అడిగారు. ఇక దాచాలనిపించలేదు. ఈ తోటకి జబ్బు తెచ్చింది నేనే, నా కాళ్ళతోనే తెచ్చాను అని అందరికీ వినబడేలా చెప్పాను. అందరూ చేస్తున్న పని ఆపి నన్నే చూశారు.

ఉత్తరపు తోటల ఆసామి ఒకడు, నేను ఆ ఊరు రావడం మొదలెట్టాక, అన్నిటికంటే ఆఖర్న తోట పోగొట్టుకున్నవాడు, కట్ట చేత్తో పట్టుకుని నా ముందుకొచ్చాడు. గొంతులో కోపం లేదు.

"మా తోటకి కూడా మీరేనా బాబూ?"

ఈ ఇరవై ఏళ్ళలో ఎన్నో తోటలు చూశాను. మంచి తోట ముందు, జబ్బు తోట ఆఖర్న అన్న వరస ఏనాడూ తప్పలేదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి నేర్పే మొదటి పాఠం అదే. ఆ రోజు అతనికి మాత్రం తెలీదనే చెప్పగలిగాను. ఇప్పటికీ నాకు తెలీదు.